జపనీస్, చైనీస్ రాతలో చుక్కలూ కామాలూ: ఎక్కడివి, ఎవరు పెట్టారు, ఎలా పెట్టాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మీరు జపనీస్ నేర్చుకుంటున్నారు, మీ చెల్లెలు చైనీస్. ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే వాక్యం చివర ఒకటే చిన్న సున్న (。) ఉంది గానీ, కామా దగ్గర మాత్రం తేడా వచ్చింది. ఇవన్నీ ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నవేనా? పదాల మధ్య ఖాళీ కూడా వదలని ఆ రాతలో అంతకుముందు వాక్యం ఎక్కడ ఆగిందో ఎలా తెలిసేది? జపనీస్‌లో ప్రశ్న రాసి ప్రశ్నార్థకం ఎందుకు పెట్టరు? చివరగా, గళ్ళ కాగితం మీద మీరు రాసిన పేరాలో ఒక సున్న చుట్టూ మీ టీచర్ ఎర్రసిరాతో గీత ఎందుకు గీశారు? ఇరవై ఏళ్ళకు పైగా జపనీస్ అనువాదాలు చేస్తున్నాను, పదేళ్ళుగా చైనీస్ ప్రూఫులు కూడా చూస్తున్నాను. నా పని దినమంతా ఈ చుక్కల మధ్యే గడుస్తుంది కాబట్టి కొంచెం తీరిగ్గానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. ఆ చిన్న సున్న, చినుకులా వాలిన ఆ గుర్తు (、) ఇంగ్లీషువి కావు. రెండూ చైనాలో పాతకాలం నుంచి ఉన్నవే. ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, తోక ఉన్న కామా (，), కోలన్, సెమికోలన్ మాత్రం పడమటి నుంచి వచ్చాయి. అయితే ఏది ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. ఆ పాత గుర్తులు రాసేవాడు పెట్టేవి కావు. చదివేవాడు తన కోసం పెట్టుకునేవి. ఇది మనసుకి ఎక్కితే మీరు అడిగిన మిగతా వాటిలో సగం వాటంతట అవే విడిపోతాయి.

మన తెలుగు మాస్టార్లు చెప్పే ‘రామునితోకపివరుండిట్లనియె’ గుర్తుందా? ‘రామునితో కపివరుండు ఇట్లనియె’ అని విరవాలి. ‘రాముని తోక’ దగ్గర ఆగితే రాముడికి తోక మొలుస్తుంది. మన తాళపత్రాల్లోనూ పదాల మధ్య ఖాళీ ఉండదు. పద్యం ముగిసిన చోట ఒకటో రెండో నిలువు గీతలుంటాయి, అంతే. ఎక్కడ విరవాలో గురువు దగ్గర నేర్చుకోవాలి. ప్రాచీన చైనాలో చదువు మొదలయ్యేదే ఇక్కడ. ‘లీ జీ’ అనే ప్రాచీన గ్రంథంలో చదువు గురించిన అధ్యాయం ఒకటుంది. పాఠశాలలో చేరిన మొదటి ఏడాది చివర విద్యార్థిని దేనిలో పరీక్షించాలో అందులో రాశారు: గ్రంథాన్ని వాక్యాలుగా విడగొట్టగలుగుతున్నాడా అని. థాంగ్ వంశ కాలపు మహా రచయిత హాన్ యూ (768–824) గురువుల గురించి రాసిన వ్యాసంలో, పిల్లలకు పుస్తకం ఇచ్చి ‘జ్యూదౌ’ నేర్పే పంతుళ్ళ మాట వస్తుంది. ‘జ్యూ’ అంటే వాక్యం పూర్తయి ఆగే చోటు. ‘దౌ’ అంటే మధ్యలో ఊపిరి తీసుకునే చోటు. ఈ ‘దౌ’ రాసే అక్షరమే మామూలుగా ‘దూ’ అని పలికితే ‘చదవడం’ అని అర్థం. జపనీస్‌లో విరామ చిహ్నాలను ‘కుతోతెన్’ అంటారని మీకు తెలిసే ఉంటుంది. అందులో ‘కు’, ‘తో’ అన్నవి ఈ ‘జ్యూ’, ‘దౌ’లే. సముద్రం దాటాక మారిన పలుకులు.

విద్యార్థి పుస్తకం ముందేసుకుని, ఎర్ర సిరాలో కుంచె ముంచి, వాక్యం ముగిసిందనుకున్న చోట అక్షరం పక్కన చిన్న సున్న చుట్టేవాడు, మధ్యలో ఆగాల్సిన చోట ఒక చుక్క వాల్చేవాడు. పాత చైనా పుస్తకాలను ఫొటోల్లో చూస్తే నల్లటి అచ్చు పక్కన ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి ఎవరో ఒకాయన ఆ పుస్తకాన్ని నిజంగా చదివాడనడానికి గుర్తులు. నాకు వాటిని చూస్తే మా తాతగారి భాగవతం మార్జిన్లలో ఉన్న పెన్సిలు గీతలు గుర్తొస్తాయి.

తప్పుగా విరిస్తే ఏమవుతుందో చెప్పడానికి చైనాలో ప్రతి పిల్లవాడికీ తెలిసిన కథ ఒకటి ఉంది. వాన పడుతోంది. చుట్టం ఇంటికి వచ్చి కదలడం లేదు. ఇంటాయన మొహమాటంతో నోటితో చెప్పలేక ఒక చీటీ రాసిపెట్టాడు: ‘షియా యూ థియెన్ ల్యూ ఖ థియెన్ ల్యూ వో బూ ల్యూ’. పది అక్షరాలు, ఒక్క చుక్క లేదు. ‘థియెన్’ అంటే ఆకాశమూ అవుతుంది, రోజూ అవుతుంది. ‘ల్యూ’ అంటే ఉంచుకోవడం. ఇంటాయన ఉద్దేశం: ‘వాన పడుతోంది, ఆకాశం చుట్టాన్ని ఉంచుతోంది. ఆకాశం ఉంచినా నేను ఉంచను.’ చుట్టం కుంచె తీసుకుని తన చుక్కలు తను పెట్టుకున్నాడు: ‘వాన రోజు, చుట్టాన్ని ఉంచుకునే రోజు. నన్ను ఉంచుకుంటారా, లేదా? ఉంచుకుంటాం!’ ఒక్క అక్షరం మార్చలేదు.

ఇది సరదా కథే. కానీ కన్ఫ్యూషియస్ సూక్తుల్లో ఇలాంటిదే ఒక వాక్యం మీద చాలా పెద్ద చర్చ జరిగింది. మామూలుగా విరిస్తే ‘ప్రజల్ని ఒక దారిన నడిపించవచ్చు, వాళ్ళకి తెలియజెప్పడం సాధ్యం కాదు’ అని వస్తుంది. చైనాను చివరగా ఏలిన చింగ్ రాజవంశం ఆఖరి రోజుల్లో సంస్కరణ కోరుకున్నవాళ్ళకి ఇది మింగుడుపడలేదు. అదే వాక్యాన్ని ఇంకోచోట విరిచి, ‘ప్రజలు సమర్థులైతే వాళ్ళ దారిన వాళ్ళని నడవనివ్వండి, కాకపోతే వాళ్ళకి నేర్పండి’ అని చదివారు. రాజు ప్రజలతో ఎలా ఉండాలన్నది ఒక కామా ఎక్కడ పడుతుందన్నదాని మీద ఆధారపడింది. నేను పనిచేసే ఏ పత్రం మీదైనా ‘కామానే కదా’ అని ఎవరైనా అంటే నాకు ఈ వాక్యమే తలకొస్తుంది.

మరి చుక్కలు లేకుండా రెండు వేల ఏళ్ళు ఎలా నెట్టుకొచ్చారు? ఆ భాషలోనే చుక్కలున్నాయి కాబట్టి. ప్రాచీన చైనీస్‌లో వాక్యం చివర కొన్ని చిన్న మాటలు వచ్చి చేరేవి. ‘యే’ వస్తే విషయం తేల్చి చెప్పినట్టు. ‘హూ’ వస్తే అడిగినట్టు. ‘జాయ్’ వస్తే ఆశ్చర్యపోయినట్టు. కళ్ళకి కనబడే గుర్తు బదులు చెవికి వినబడే గుర్తు అన్నమాట. మన దగ్గర ‘వచ్చాడు’కి చివర ఒక దీర్ఘం తగిలిస్తే ‘వచ్చాడా’ అని ప్రశ్న అయిపోతుంది కదా, అలా. దీనికి తోడు నాలుగేసి అక్షరాల తూకంతో, జంట వాక్యాలుగా రాసే అలవాటు. లయ తెలిసినవాడికి ఎక్కడ ఆగాలో లయే చెప్పేది.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఇది సరిపోలేదు. పత్రికలొచ్చాయి, సైన్సు పాఠాలొచ్చాయి, గురువు పక్కన లేకుండా ఒంటరిగా చదువుకునే లక్షలమంది వచ్చారు. అమెరికాలో చదువుతున్న చైనా విద్యార్థులు 1915లో ‘ఖషువె’ (సైన్స్) అనే పత్రిక మొదలుపెట్టి, అడ్డ వరుసల్లో, పడమటి గుర్తులతో అచ్చు వేశారు. 1916లో అదే పత్రికలో, అక్కడే చదువుతున్న హూ షీ అనే యువ రచయిత విరామ చిహ్నాల మీద పెద్ద వ్యాసం రాశాడు. 1919లో ఆయనా, ఛియెన్ షువాన్‌తుంగ్, జౌ జువోరెన్ వగైరా ఆరుగురు కలిసి ‘కొత్త పద్ధతి విరామ చిహ్నాలు అమలు చేయండి’ అని ప్రభుత్వానికి ప్రతిపాదన పెట్టారు. 12 గుర్తులు. 1920 ఫిబ్రవరిలో విద్యాశాఖ ఉత్తర్వు వచ్చింది. అదే ఏడాది షాంఘైలో యాతుంగ్ ప్రచురణశాల వాళ్ళు ‘షుయ్‌హూ’ అనే పాత నవలను కొత్త చుక్కలతో, పేరాలతో అచ్చు వేశారు. ఆ చుక్కలు పెట్టింది వాంగ్ యువాన్‌ఫాంగ్ అనే యువకుడు. ఒక నవలకి కామాలు పెట్టడం ఒక మనిషిని చరిత్రలో నిలబెట్టిందంటే అప్పట్లో ఆ పని ఎంత కొత్తదో ఊహించుకోండి.

ఇంకో లెక్క చెప్తాను. చైనా రాజవంశాల ‘ఇరవై నాలుగు చరిత్రలు’ అన్న గ్రంథమాలకి విరామ చిహ్నాలు పెట్టి ప్రచురించే పని జుంగ్‌హ్వా ప్రచురణశాల 1958లో మొదలుపెట్టి 1978లో ముగించింది. దేశంలో పేరున్న చరిత్రకారులంతా కూర్చున్నా ఇరవై ఏళ్ళు పట్టింది. మధ్యలో రాజకీయాల వల్ల ఆగిన మాట నిజమే. కానీ చుక్క పెట్టడమంటే అర్థం తేల్చడం. అర్థం తేల్చాలంటే మొత్తం చదివి ఉండాలి.

జపాన్ కథ వేరే దారిన నడిచింది. అక్కడి బౌద్ధ సన్యాసులు చైనీస్ గ్రంథాలని చైనీస్ వరుసలోనే ఉంచి జపనీస్‌లో చదివేవాళ్ళు. చైనీస్‌లో క్రియ ముందు, కర్మ తర్వాత. జపనీస్‌లో మనలాగే కర్మ ముందు, క్రియ చివర. అందుకని హెయాన్ కాలంలోనే (794–1185) అక్షరాల పక్కన ఎర్ర, తెల్ల రంగులతో చిన్న చిన్న గుర్తులు పెట్టుకున్నారు: ఇక్కడ ఆగు, ఇది తర్వాత చదువు, ముందు కిందకి వెళ్ళి వెనక్కి రా అని. వీటిని ‘కున్‌తెన్’ అంటారు. సంస్కృత శ్లోకానికి అన్వయక్రమం కోసం పదాల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకున్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. జపాన్ హైస్కూళ్ళలో ఈ గుర్తులతో చదవడం ఇప్పటికీ నేర్పుతారు. ఇక్కడా చూడండి, గుర్తు చదివేవాడిదే.

జపనీస్‌లో మన ‘రామునితోక’కి అచ్చంగా సరిపోయే కథ ఉంది. బొమ్మలాటలకి నాటకాలు రాసిన చికమాత్సు మొంజయెమొన్ (1653–1725) తన రాతలో చుక్కలు పెట్టుకుంటుంటే, జపమాలలు చేసే ఒకాయన చూసి ‘ఇవెందుకండీ, చదువు రానివాళ్ళకా’ అన్నాడట. కొన్నాళ్ళకి చికమాత్సు ఆయనకే ఒక చీటీ పంపాడు, చుక్కల్లేకుండా: ‘ఫుతాయె ని మగెతెకుబి ని కకెరు’ లాంటి జపమాల కావాలని. ‘మగెతె’ దగ్గర విరిస్తే మిగిలేది ‘కుబి’, మెడ. రెండు వరసలుగా మడిచి మెడలో వేసుకునేది. ఆయన పొడవాటి మాల చేసి తెచ్చాడు. ‘నేనడిగింది ఇది కాదే’ అన్నాడు చికమాత్సు. ‘మగె’ దగ్గర విరిస్తే మిగిలేది ‘తెకుబి’, మణికట్టు. ఇది జరిగిందో లేదో గానీ జపాన్‌లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. పిల్లలకి స్కూల్లో చెప్పేది ఇంకోటి: ‘కొకొదెహకిమొనొ’, ఆ తర్వాత ‘విప్పండి’ అనే మాట. ‘కొకొ దె, హకిమొనొ’ అంటే ‘ఇక్కడ చెప్పులు విప్పండి’. ‘కొకొ దె వ, కిమొనొ’ అంటే ‘ఇక్కడైతే బట్టలు విప్పండి’. ‘వ’ అనే ప్రత్యయాన్ని ‘హ’ అక్షరంతోనే రాస్తారు కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఆధునిక జపాన్‌లో విద్యాశాఖ 1906లో ఒక ముసాయిదా, 1946లో ఇంకో ముసాయిదా తెచ్చింది. ఇప్పుడు స్కూళ్ళలో నేర్పే పద్ధతికి చాలావరకు ఆ 1946 నాటిదే మూలం. రెండూ ముసాయిదాలే అన్నది గమనించండి. చైనాలో అలా కాదు. అక్కడ 1951లో ప్రభుత్వ నియమాలు వచ్చాయి, 1995లో జాతీయ ప్రమాణం అయ్యాయి, 2011లో సవరించారు. 17 గుర్తులు, ఒక్కోదానికి ఉదాహరణలు, చేయకూడనివి, అన్నీ అందులో ఉన్నాయి. జపనీస్‌లో కామా ఎక్కడ పెట్టాలని పదిమంది సంపాదకుల్ని అడిగితే పది జవాబులొస్తాయి. చైనీస్‌లో పుస్తకం తెరిచి చూపిస్తారు.

ఇక మీకు కనిపించిన కామా తేడా. నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, కాబట్టి ఆగి చదవండి. జపనీస్‌లో వాలు చినుకు (、) ఒక్కటే కామా. దాన్ని ‘తోతెన్’ అంటారు. వాక్యం మధ్యలో ఆగాలన్నా అదే, వరసగా పేర్లు చెప్పాలన్నా అదే. చైనీస్‌లో రెండున్నాయి. వాక్యం మధ్యలో ఆగడానికి తోక కామా (，), ‘దౌహావ్’. జాబితా చెప్పడానికి వాలు చినుకు, ‘దున్‌హావ్’. ‘బియ్యం、పప్పు、చింతపండు కొన్నాను，ఇంటికి వచ్చాను。’ అని రాస్తారు. చివరి వస్తువు ముందు ‘హ’ (మరియు) వస్తే అక్కడ చినుకు పెట్టరు. ఒక అందమైన నియమం చెప్తాను, మన చెవికి సులభంగా పడుతుంది. ‘ఏడెనిమిది మంది’ అన్నప్పుడు చైనీస్‌లో ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఏ గుర్తూ ఉండకూడదు, అది అంచనా కాబట్టి. ‘రెండు, మూడు తరగతుల పిల్లలు’ అన్నప్పుడు చినుకు ఉండాలి, అవి రెండు వేర్వేరు తరగతులు కాబట్టి. తెలుగులో మనం ఆలోచించకుండానే ఇలా చేస్తాం.

జపాన్‌లోనూ తోక కామా కథ ఒకటి నడిచింది. అడ్డంగా రాసే ప్రభుత్వ పత్రాల్లో తోక కామా (，) వాడాలని 1952లో మార్గదర్శకాలిచ్చారు. చాలా పాఠ్యపుస్తకాలు దాన్నే పాటించాయి. జనం మాత్రం కంప్యూటర్లో వాలు చినుకే కొడుతూ వచ్చారు. డెబ్భై ఏళ్ళ తర్వాత, 2022 జనవరిలో, కొత్త మార్గదర్శకాలొచ్చాయి: వాలు చినుకే వాడండి, అడ్డ రాతలో తోక కామా వాడినా తప్పులేదు అని. మీ దగ్గరున్న పాత పాఠ్యపుస్తకంలో తోక కామా కనబడితే అచ్చుతప్పు అనుకోకండి.

చైనీస్ కామా గురించి అనువాదకుడిగా ఒక మాట. చైనీస్ వాక్యం ఏరులా పారుతుంది. ఒక మనిషి లేచాడు, తలుపు తీశాడు, వానని చూశాడు, గొడుగు వెతికాడు, దొరకలేదు, తిరిగి కూర్చున్నాడు, ఇదంతా కామాలతోనే సాగి చివర ఒక్క సున్నతో ఆగుతుంది. దానికి ‘పారే నీటి వాక్యం’ అనే పేరే ఉంది. అయితే మితిమీరితే చైనా పంతుళ్ళు కూడా ‘మొదటి నుంచి అడుగు దాకా కామాలేనా’ అని దిద్దుతారు. మీ చెల్లెలికి చెప్పండి: ఇంగ్లీషు అలవాటుతో ప్రతి క్రియకీ ఒక సున్న పెడితే వాక్యాలు తునకలు తునకలుగా ఉంటాయి. తెలుగులో ‘లేచి, తలుపు తీసి, వాన చూసి’ అని ఎంత దూరం లాగుతామో అంత దూరం లాగమనండి.

ఇప్పుడు ప్రశ్నార్థకం. జపనీస్ ప్రశ్న ‘క’తో ముగుస్తుంది. ‘ఇకిమస్ క。’ అంటే ‘వెళ్తారా’. మన ‘వెళ్తారా’లోని చివరి ‘ఆ’ ఏ పని చేస్తుందో ఆ ‘క’ అదే పని చేస్తుంది. ప్రశ్న అని భాషే చెప్పేసింది కాబట్టి గుర్తు అక్కర్లేదు, సున్న పెట్టి ఊరుకుంటారు. ‘క’ లేకుండా గొంతు పైకి లేపి అడిగే మాటల్లో మాత్రం (‘ఇకు？’) గుర్తు కావాలి, లేకపోతే ‘వెళ్తాను’ అని అర్థమవుతుంది. నవలల్లో, పత్రికల్లో, మెసేజీల్లో ఇలాంటి చోట్ల ధారాళంగా వాడతారు. అలా పెట్టినప్పుడు తర్వాత ఒక గడి ఖాళీ వదలడం అచ్చు పద్ధతి. చైనీస్‌లో ‘మా’ అనే ప్రశ్న మాట ఉన్నా ప్రశ్నార్థకం పెట్టి తీరాలి.

ఇలాంటిదే కొటేషన్ల సంగతి. జపనీస్‌లో మాటని 「 」 మధ్య పెట్టి తర్వాత ‘తొ’ అంటారు. ఆ ‘తొ’ మన ‘అని’. మాట ఎక్కడ ముగిసిందో ‘అని’ చెప్పేస్తుంది. ఎక్కడ మొదలైందో మాత్రం చెప్పలేదు. ‘నిన్న రవి వస్తానని చెప్పాడు’ అంటే నిన్న వస్తానన్నాడా, నిన్న చెప్పాడా? మనకూ అదే తిప్పలు. అందుకే నా దృష్టిలో జపనీస్ కొటేషన్లో నిజంగా పని చేసేది తెరిచే మూల (「). మాట లోపల మాట వస్తే 『 』 వాడతారు. పుస్తకాల పేర్లకీ అవే. చైనాలో అడ్డ రాతకి మనం వాడే “ ” లాంటివే వాడతారు. తైవాన్‌లో జపాన్‌లాగా 「 」. పుస్తకం, సినిమా, చట్టం పేర్లకి చైనీస్‌లో 《 》 అని వేరే గుర్తు ఉంది. నాకు చాలా ఇష్టమైన గుర్తు అది. వాలు అక్షరాలు లేని రాతలో పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అంత శుభ్రంగా చెప్పే పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. రెండు పేర్లు వరసగా వస్తే మధ్యలో చినుకు అక్కర్లేదని 2011 ప్రమాణం చెప్తుంది.

మధ్య చుక్క (・) విదేశీ పేర్లకి. ‘మహాత్మా・గాంధీ’ అని విడగొట్టడానికి. మూడు చుక్కల గుర్తు రెండు భాషల్లోనూ రెండు గడులు పడుతుంది, అంటే ఆరు చుక్కలు (……). పొడవు గీత కూడా రెండు గడులే. జపాన్‌లో కథల్లో వచ్చే సంభాషణ చివర, మూసే మూలకి ముందు సున్న పెట్టాలా వద్దా అని కూడా మీకు సందేహం వస్తుంది. స్కూలు పుస్తకాల్లో పెడతారు (。」), నవలల్లో, వార్తాపత్రికల్లో వదిలేస్తారు. మీరు విద్యార్థి కాబట్టి పెట్టండి.

అసలు చుక్కలే పెట్టకూడని చోట్లు జపాన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ప్రశంసాపత్రాల్లో ఒక్క సున్న, ఒక్క చినుకు ఉండదు. లాంఛనంగా పంపే కొత్త సంవత్సరం శుభాకాంక్షల కార్డుల్లోనూ అంతే. శుభం మధ్యలో తెగకూడదని ఒక కారణం చెప్తారు. చుక్కలు పెడితే ‘మీకు చదవడం రాదు’ అన్నట్టవుతుందని ఇంకో కారణం చెప్తారు. ఆ రెండో కారణంలో ఎర్ర సిరా రోజుల వాసన ఉంది: చుక్క అన్నది చదివేవాడి సొంత పని, ఇంకొకరు చేసిపెడితే చిన్నబుచ్చినట్టు. ఒక జపనీస్ సంస్థ కోసం ప్రశంసాపత్రం చేసినప్పుడు అలవాటు కొద్దీ నేను వాక్యాంతాల్లో సున్నలు పెట్టాను. వాళ్ళు ఎంతో మర్యాదగా, ఒక్కొక్కటీ కొట్టేసి పంపారు. ఇది విచిత్రంగా కొత్త తరంలో మళ్ళీ కనిపిస్తోంది. పెద్దవాళ్ళు మెసేజీ చివర పెట్టే సున్న కోపంగా, కఠినంగా అనిపిస్తుందని యువత అంటున్నారని 2024 మొదట్లో జపాన్ మీడియాలో పెద్ద చర్చ నడిచింది. ‘మరుహర’ అని దానికి పేరు కూడా పెట్టారు, ‘సున్నతో వేధింపు’ అని అర్థం. ‘సరే’ అని వదిలేయడానికీ ‘సరే.’ అని చుక్క పెట్టడానికీ మన వాట్సాప్‌లో కూడా తేడా తెలుస్తుంది కదా.

కంప్యూటర్ దగ్గర ఒక జాగ్రత్త. చైనాలో, జపాన్‌లో సున్న, కామా గడిలో ఎడమ పక్క అడుగున కూర్చుంటాయి. నిలువు రాతలో కుడి పక్క పైకి వెళ్తాయి. తైవాన్, హాంకాంగ్‌లలో గడి నట్టనడుమ ఉంటాయి. కానీ కంప్యూటర్లు ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో ఆ సున్నకి అందరికీ ఒకటే సంఖ్య, 3002. అది ఎక్కడ కూర్చోవాలో ఫాంటూ, మీరు ఆ పాఠానికి చెప్పిన భాషా నిర్ణయిస్తాయి. కొన్నేళ్ళ క్రితం తైవాన్ కోసం ఒక కేటలాగ్ చేశాం. అక్షరాలన్నీ సరిగ్గా తైవాన్‌లో వాడే పాత రూపంలోనే ఉన్నాయి. ఫాంటు మాత్రం చైనాది. అరవై పేజీలూ తిరిగొచ్చాయి. అక్కడి పాఠకుడికి అది పరాయి ఊరి రాతలా కనిపించింది. అప్పటి నుంచి నేను మొదట చూసేది అక్షరాల్ని కాదు, మొదటి సున్న ఎక్కడ కూర్చుందో. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు కామా కొట్టకండి. జపనీస్ కీబోర్డు పద్ధతిలో కామా మీట నొక్కితే వాలు చినుకు, ఫుల్‌స్టాప్ మీటకి సున్న, చదరపు బ్రాకెట్లకి 「 」, ముందుకు వాలిన గీతకి మధ్య చుక్క వస్తాయి. చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసే పిన్‌యిన్ పద్ధతిలో వెనక్కి వాలిన గీత నొక్కితే దున్‌హావ్ వస్తుంది. షిఫ్ట్ పట్టి కామా నొక్కితే 《, షిఫ్ట్ పట్టి 6 నొక్కితే ఆరు చుక్కలు.

చివరగా మీ ఎర్రసిరా. జపాన్ గళ్ళ కాగితాన్ని ‘గెన్‌కో యోషి’ అంటారు. మామూలుగా 20 వరుసలు, వరుసకి 20 గడులు, మొత్తం 400. అక్కడ రచయితకి ‘పది కాగితాలు రాయండి’ అని చెప్తే నాలుగు వేల అక్షరాలని లెక్క. అందులో సున్నకీ చినుకుకీ మూలకీ ఒక్కో గడి ఇవ్వాలి, అక్షరంతో సమానంగా. పేరా మొదట ఒక గడి ఖాళీ. సున్న, వెంటనే మూసే మూల వస్తే (。」) రెండూ ఒకే గడిలో సర్దుకుంటాయి. అన్నిటికంటే గట్టి నియమం: సున్న, చినుకు, మూసే మూల వరుస మొదటి గడిలో పడకూడదు. తెరిచే మూల చివరి గడిలో పడకూడదు. అచ్చుపనిలో దీన్ని ‘కిన్‌సొకు’ అంటారు, నిషేధం అని. కంపోజు చేసేవాళ్ళు దీనికోసం ముందున్న అక్షరాన్ని కూడా కింది వరుసకి తోస్తారు, లేదా పై వరుసలో ఖాళీలు నొక్కి చోటు చేస్తారు, లేదా సున్నని వరుస బయటికి వేలాడదీస్తారు. ఈ మూడోదాన్ని ‘బురసగె’ అంటారు, ఆ మాటకి అర్థం వేలాడటమే. చైనాలోనూ ఇదే నిషేధం ఉంది, మీ చెల్లెలికీ పనికొస్తుంది.

మీరు పెట్టిన ఫొటోలో మూడో వరుస ఇరవయ్యో గడిలో వాక్యం చివరి అక్షరం ఉంది, నాలుగో వరుస మొదటి గడిలో ఒంటరిగా సున్న ఉంది. మీ టీచర్ చుట్టింది దాన్నే. అక్షరం తప్పులేదు, వాక్యం తప్పులేదు. ఆ సున్నని మూడో వరుస చివరి గడిలోనే, అక్షరం పక్కన అడుగున చిన్నగా ఇరికించండి. నాలుగో వరుస మొదటి గడిలో తర్వాతి వాక్యం మొదలుపెట్టండి.